ఒప్పందం ముగిసిన వేళ

ప్రవేశిక

ప్రపంచంలో అత్యధిక జనాదరణ పొందిన క్రీడ ఫుట్‌బాల్. ఐరోపా దేశాలలో అది వినోదంగా మొదలై, వృత్తిగా మారి, పెద్ద వ్యాపారంగా విస్తరించింది. ఆ వృత్తిలో ఆటగాడికీ, అతణ్ణి నియమించుకొన్న క్లబ్బుకూ, ఆ క్లబ్బును ప్రాణంగా చూసుకొనే అభిమానులకూ మధ్య ఉండే అనుబంధం ఎటువంటిది? ఒప్పందం గడువు తీరిన తరవాత ఎవరికి ఎవరిపై ఎంత హక్కు మిగులుతుంది? ఇంగ్లండులో 2001లో జరిగిన ఒక సంఘటన ఆధారంగా ఈ పాఠం ఆ విషయాలను వివరిస్తుంది.

పాఠం

2001 జూలై 3వ తేదీ. లండన్ నగరానికి ఉత్తరాన ఉన్న ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బు శిక్షణ కేంద్రంలో విలేకరుల సమావేశం ఏర్పాటయింది. ఇప్స్‌విచ్ క్లబ్బు నుంచి వస్తున్న గోల్‌కీపర్ రిచర్డ్ రైట్‌ను పరిచయం చేస్తారని విలేకరులు భావించారు. కాని వారి ఎదుటికి వచ్చిన వ్యక్తి వేరు. అతణ్ణి చూసి వారు నిర్ఘాంతపోయారు. అతడు సోల్ కాంప్‌బెల్. ఆర్సెనల్‌కు బద్ధవైరి అయిన టాటెన్‌హామ్ హాట్‌స్పర్ క్లబ్బుకు అంతవరకు నాయకుడు. ఇంగ్లండు జాతీయ జట్టు రక్షణ శ్రేణికి మూలస్తంభం. అటువంటి ఆటగాడు ఆర్సెనల్ పక్షాన ఆడడానికి సంతకం చేశాడు. అతడి కోసం ఆర్సెనల్ టాటెన్‌హామ్‌కు ఒక్క పౌను కూడా చెల్లించలేదు.

ఈ వార్త ఉత్తర లండన్ వాసులకు పిడుగుపాటులా తోచడానికి కారణం ఆ రెండు క్లబ్బుల పూర్వచరిత్రలో ఉంది. టాటెన్‌హామ్ 1882లో ఉత్తర లండన్‌లోనే పుట్టింది. ఆర్సెనల్ 1886లో థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న వూలిచ్ ప్రాంతంలో, ఆయుధ కర్మాగారపు కార్మికులు స్థాపించుకొన్న క్లబ్బు. ఆ కర్మాగారం పేరే దానికి స్థిరపడింది. 1913లో ఆర్సెనల్ నది దాటి వచ్చి, టాటెన్‌హామ్ మైదానానికి సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైబరీలో స్థిరపడింది. తమ ప్రాంతంలోకి పరాయివారు చొరబడ్డారని టాటెన్‌హామ్ వర్గం భావించింది. మొదటి ప్రపంచయుద్ధానంతరం, 1919లో, ప్రథమ శ్రేణి లీగులోని జట్ల సంఖ్యను 20 నుంచి 22కు పెంచారు. యుద్ధానికి ముందు జరిగిన చివరి పోటీలలో టాటెన్‌హామ్ ప్రథమ శ్రేణిలో అట్టడుగున నిలిచింది. అయినా సంఖ్య పెరిగింది కనుక తమ స్థానం నిలుస్తుందని అది ఆశించింది. కాని క్లబ్బుల ఓటింగులో ఆ స్థానం ద్వితీయ శ్రేణిలో ఉన్న ఆర్సెనల్‌కు దక్కింది. టాటెన్‌హామ్ ద్వితీయ శ్రేణికి దిగిపోయింది. ఆ గాయం తరతరాలుగా మానలేదు. ఆ ప్రాంతంలో ఒక క్లబ్బుపై అభిమానం ఇంటిపేరు వలె తండ్రి నుంచి బిడ్డకు సంక్రమిస్తుంది.

సోల్ కాంప్‌బెల్ 1974లో తూర్పు లండన్‌లో, జమైకా నుంచి వలస వచ్చిన దంపతులకు జన్మించాడు. పన్నెండుమంది సంతానంలో అతడే కడగొట్టువాడు. బాల్యదశలోనే టాటెన్‌హామ్ శిక్షణలో చేరి, 1992 డిసెంబరులో ప్రధాన జట్టులో తొలి మ్యాచ్ ఆడాడు. ఆ తరవాత ఆ క్లబ్బు పక్షాన మూడువందలకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. 1999లో టాటెన్‌హామ్ లీగ్ కప్పు గెలిచినప్పుడు జట్టు నాయకుడతడే. తమ చేతులమీదుగా పెరిగి, తమ జట్టుకే నాయకత్వం వహించి, జాతీయ జట్టుకు ఎదిగిన బిడ్డగా అభిమానులు అతణ్ణి చూసుకొన్నారు. ఆ ఒప్పందం 2001 వేసవితో ముగియనుంది. దానిని పొడిగించడానికి క్లబ్బు భారీ వేతనం ఇవ్వజూపింది. చర్చలు నెలల తరబడి సాగాయి. అభిమానులు ఆశతో ఎదురుచూశారు. చివరకు అతడు సంతకం చేశాడు. అయితే ఆ సంతకం ఎదుటివారి కాగితం మీద.

ఇక్కడ ఒక సందేహం సహజం. ఇంతటి ఆటగాడు చేతి నుంచి జారిపోతూ ఉంటే, క్లబ్బుకు పరిహారంగా ఏమీ ఎందుకు దక్కలేదు? దీనికి సమాధానం ఫుట్‌బాల్ ఒప్పందాల స్వరూపంలో ఉంది.

వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు ఒక క్లబ్బుతో కొన్నేళ్ళకు ఒప్పందం చేసుకొంటాడు. ఆ గడువు లోపల మరొక క్లబ్బు అతణ్ణి కోరితే, ఉన్న క్లబ్బు తన హక్కును వదులుకొన్నందుకు ధర అడుగుతుంది. అదే బదిలీ రుసుము. చాలామంది అనుకొన్నట్లు అది మనిషికి కట్టిన వెల కాదు. ఒప్పందంలో మిగిలిన కాలానికి చెల్లించే పరిహారం. గడువు తీరితే మిగిలిన కాలమే లేదు. కనుక పరిహారమూ లేదు. ఆటగాడు తనకు నచ్చిన క్లబ్బుకు వెళ్ళవచ్చు. దీనినే ఉచిత బదిలీ అంటారు.

ఈ న్యాయం ఈనాడు ఎంతో సహజంగా తోస్తుంది. కాని సుమారు వంద సంవత్సరాల పాటు ఆటగాళ్ళకు ఇది అందని పండు. ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగులో 1893 నుంచి ఒక కఠినమైన పద్ధతి అమలులో ఉండేది. ఒప్పందం ముగిసినా, క్లబ్బు తలచుకొంటే ఆటగాణ్ణి తన జాబితాలోనే అట్టిపెట్టుకోవచ్చు. క్లబ్బు చెప్పిన షరతులకు అతడు ఒప్పుకోకపోతే జీతం ఆగిపోతుంది. లీగులోని మరో క్లబ్బుకు ఆడే వీలూ ఉండదు. ఏడాది గడువు తీరిన జీతగాణ్ణి, కూలి ఇవ్వకుండానే, వేరే కామందు దగ్గరకు పోరాదని కట్టడి చేయడం వంటిదే ఇది. దీనికి తోడు వేతనానికి పరిమితి ఉండేది. 1961 జనవరిలో ఆ పరిమితిని రద్దుచేసేనాటికి ఎంతటి ప్రతిభావంతుడికైనా వారానికి 20 పౌన్లకు మించి జీతం లేదు. మైదానం వేలాది ప్రేక్షకులతో కిటకిటలాడినా, ఆడేవాడి జీతానికి ఆ హద్దు తప్పలేదు.

ఈ పద్ధతిని న్యాయస్థానంలో ఎదిరించి గెలిచినవాడు జార్జ్ ఈస్టమ్. న్యూకాజిల్ యునైటెడ్ క్లబ్బులో ఒప్పందం ముగిసిన పిదప 1960లో బదిలీ కోరగా క్లబ్బు నిరాకరించింది. ఈస్టమ్ తలవంచలేదు. ఆట మానివేసి, ఒక మిత్రుని వ్యాపారంలో ఉద్యోగం చేస్తూ పొట్టపోసుకొన్నాడు. కొన్ని నెలల తరవాత క్లబ్బు దిగివచ్చి అతణ్ణి 47,500 పౌన్లకు వదిలింది. అతడు చేరిన క్లబ్బు ఆర్సెనలే కావడం విశేషం. కోరినది దక్కినా అతడు వ్యాజ్యం విడిచిపెట్టలేదు. ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి అట్టిపెట్టుకోవడం అతడి వృత్తి స్వేచ్ఛకు అన్యాయమైన అడ్డంకి అని 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ తీర్పు చెప్పారు. దానితో నిబంధనలు కొంత సడలాయి. అయినా, గడువు తీరిన ఆటగాడి కోసం బదిలీ రుసుము అడిగే ఆచారం ఐరోపా అంతటా మిగిలిపోయింది.

ఆ మిగిలిన సంకెలను తెంచినవాడు గొప్ప ఆటగాడేమీ కాదు. అతడి పేరు జాన్ మార్క్ బోస్మన్. బెల్జియంలోని లియేజ్ నగరపు క్లబ్బులో ఆడే సామాన్య క్రీడాకారుడు. 1990 జూన్ 30న అతడి ఒప్పందం ముగియనుండగా, క్లబ్బు కొత్త ఒప్పందంలో నెలజీతాన్ని సుమారు 1,20,000 బెల్జియం ఫ్రాంకుల నుంచి 30,000కు తగ్గిస్తానన్నది. జీతంలో నాలుగోవంతు మాత్రమే మిగిలే ఆ షరతుకు బోస్మన్ ఒప్పుకోలేదు. ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బు అతణ్ణి చేర్చుకోవడానికి సిద్ధపడింది. కాని డంకర్క్ తమకు సొమ్ము చెల్లించగలదో లేదోనని శంకించిన లియేజ్ క్లబ్బు, బదిలీకి అవసరమైన ధ్రువపత్రం కదలకుండా ఆపివేసింది. వద్దన్న షరతులతో ఇక్కడ ఆడలేడు. రమ్మన్న చోటుకు వెళ్ళలేడు. బోస్మన్ బతుకు రెంటికీ చెడ్డ రేవడి అయింది.

1990 ఆగస్టులో అతడు దావా వేశాడు. అయిదేళ్ళు గడిచాయి. ఒక క్రీడాకారుడికి అయిదేళ్ళంటే యౌవనమంతా కరిగిపోవడమే. వ్యాజ్యం చివరకు లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానానికి చేరింది. 1995 డిసెంబరు 15న ఆ న్యాయస్థానం చారిత్రకమైన తీర్పును వెలువరించింది. ఐరోపా సమాఖ్యలోని ఒక దేశపు పౌరుడైన ఆటగాడు ఒప్పందం ముగిసిన తరవాత మరో సభ్యదేశపు క్లబ్బుకు వెళ్ళదలిస్తే, పాత క్లబ్బు బదిలీ రుసుము కోరరాదని నిర్ణయించింది. కార్మికులు స్వేచ్ఛగా సంచరించే హక్కు ఆటగాళ్ళకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. సభ్యదేశాల ఆటగాళ్ళ సంఖ్యపై క్లబ్బులు పాటించే పరిమితిని కూడా కొట్టివేసింది. ఇంగ్లండు మొదలైన దేశాలు క్రమంగా తమ అంతర్గత నిబంధనలను అదే దారిలో సవరించుకొన్నాయి.

ఈ తీర్పు ఫలం అనుభవించినవారు వేరు. దానికి మూల్యం చెల్లించినవాడు వేరు. దారిలోని ముళ్ళు ఏరినవాడు వెనకబడి, ఆ దారిన నడిచినవారు ముందుకు సాగారు. బోస్మన్ మళ్ళీ చెప్పుకోదగిన క్లబ్బులో నిలదొక్కుకోలేకపోయాడు. తరవాతి జీవితంలో ఆర్థిక ఇబ్బందులతో, మద్యపాన వ్యసనంతో సతమతమయ్యాడు. కాంప్‌బెల్ వంటి తారలు మాత్రం ఆ తీర్పు తెరిచిన ద్వారం గుండా నడిచారు. బదిలీ రుసుము లేనప్పుడు ఆ సొమ్ములో గణనీయమైన భాగం ఆటగాడి వేతనంగా, సంతకం బహుమతిగా, మధ్యవర్తుల ప్రతిఫలంగా మారుతుంది. కనుక ఉచిత బదిలీ అన్న మాట ఒక విధంగా భ్రమ కలిగిస్తుంది. కొత్త క్లబ్బు ఖర్చు చేస్తూనే ఉంటుంది; పాత క్లబ్బుకు ఏమీ అందదన్నది మాత్రమే తేడా.

మరి కాంప్‌బెల్ ఆర్సెనల్‌నే ఎందుకు ఎంచుకొన్నాడు? ఐరోపాలోని ఇతర దేశాల పెద్ద క్లబ్బులూ అతణ్ణి కోరుకొన్నాయి. విదేశానికి వెళ్ళి ఉంటే టాటెన్‌హామ్ అభిమానులు బాధపడేవారే గాని, ఇంతగా ద్వేషించేవారు కారు. అతడి వైపు నుంచి చూస్తే కారణం కనిపిస్తుంది. 2000-01 లీగులో టాటెన్‌హామ్ పన్నెండో స్థానంలో నిలవగా, ఆర్సెనల్ రెండో స్థానంలో ఉంది. ఆర్సెనల్‌లో చేరితే పుట్టి పెరిగిన నగరాన్ని విడవకుండానే ఐరోపా ఛాంపియన్స్ లీగులో ఆడే అవకాశం లభిస్తుంది. అప్పటికి అతడికి ఇరవై ఆరేళ్ళు. క్రీడాకారుడి వృత్తిజీవితం అల్పాయుష్షు కలది. ముప్పై అయిదేళ్ళకు చాలామంది ఆట ముగుస్తుంది. ఉన్న కొద్దికాలంలో పెద్ద విజయాలను కోరుకోవడం నేరం కాదు.

అభిమానుల వైపు నుంచి చూస్తే చిత్రం వేరు. శిక్షణ ఇచ్చి పెంచిన క్లబ్బుకు ఒక్క పైసా దక్కలేదు. పైగా తమ బలమే శత్రువు బలమైంది. ఏరు దాటి తెప్ప తగలేశాడని వారు కుమిలిపోయారు. 2001 నవంబరు 17న కాంప్‌బెల్ ఆర్సెనల్ ఆటగాడిగా టాటెన్‌హామ్ మైదానమైన వైట్ హార్ట్ లేన్‌లో అడుగుపెట్టాడు. ఏసుక్రీస్తును ముప్పై వెండి నాణేలకు అప్పగించిన శిష్యుడు యూదా. ఆ పేరు రాసిన తెల్లని బుడగలు ప్రేక్షకుల మధ్య నుంచి పైకి లేచాయి. బంతి అతడి కాలికి తగిలినప్పుడల్లా మైదానం ఈసడింపులతో మారుమోగింది. ఆ మ్యాచ్ 1-1తో సమంగా ముగిసింది. స్కోరు సమమైనా కోపం మాత్రం చల్లారలేదు.

తరవాతి కాలం కాంప్‌బెల్ నిర్ణయాన్ని ఆటపరంగా సమర్థించింది. 2001-02లో ఆర్సెనల్ లీగునూ, ఎఫ్.ఎ. కప్పునూ గెలిచింది. 2003-04 లీగులో 38 మ్యాచ్‌లలో 26 గెలిచి, 12 సమం చేసి, ఒక్క ఓటమి కూడా లేకుండా విజేతగా నిలిచింది. ఆ విజయం 2004 ఏప్రిల్ 25న ఖాయమైంది. అదీ వైట్ హార్ట్ లేన్‌లోనే, టాటెన్‌హామ్ జట్టుతో ఆడి 2-2తో సమం చేసినప్పుడు. 2006లో పారిస్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఆర్సెనల్ చేసిన ఏకైక గోల్ కాంప్‌బెల్‌దే. అయినా బార్సిలోనా 2-1తో గెలిచింది.

అయితే ద్వేషం కూడా అతడి వెంటే నడిచింది. 2008లో పోర్ట్స్‌మత్ జట్టు పక్షాన టాటెన్‌హామ్‌తో ఆడుతున్నప్పుడు, ప్రేక్షకులలో కొందరు అతణ్ణి అత్యంత అసభ్యంగా దూషించారు. పోలీసులు వారిపై కేసులు నమోదు చేశారు. న్యాయస్థానం కొందరిని దోషులుగా నిర్ణయించి, మైదానాలకు రాకుండా నిషేధించింది. వీడ్కోలు జరిగి ఏడేళ్ళు గడిచినా చల్లారని కోపం, అభిమానపు హద్దు దాటి నేరంగా పరిణమించింది.

ఇటువంటి వీడ్కోలు ఇంతకన్న గౌరవంగా జరగగలదని చూపే సంఘటన జర్మనీలో కనిపిస్తుంది. పోలండు దేశస్థుడైన రాబర్ట్ లెవాన్‌డాఫ్‌స్కీ 2010లో బొరూసియా డార్ట్‌మండ్ క్లబ్బులో చేరి, 2011, 2012 సంవత్సరాలలో ఆ క్లబ్బు జాతీయ లీగు గెలవడంలో పాలుపంచుకొన్నాడు. ప్రత్యర్థి బయెర్న్ మ్యూనిక్ అతణ్ణి కోరింది. 2013లో అమ్మితే డార్ట్‌మండ్‌కు సొమ్ము వచ్చేది. కాని ఆ క్లబ్బు అమ్మడానికి ఒప్పుకోలేదు. అతడి సేవలు మరో ఏడాది ఉంటే చాలునని, రుసుము లేకుండా పోయినా ఫరవాలేదని నిశ్చయించుకొంది. ఒప్పందంలోని చివరి ఆరు నెలల్లో ఆటగాడు మరో క్లబ్బుతో ముందుగా ఒప్పందం చేసుకోవడానికి అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధనలు అనుమతిస్తాయి. ఆ ప్రకారమే 2014 జనవరిలో లెవాన్‌డాఫ్‌స్కీ బయెర్న్‌తో సంతకం చేశాడు. విషయం అందరికీ తెలుసు. అయినా మిగిలిన నెలలు అతడు మనసుపెట్టి ఆడాడు. 20 గోల్స్‌తో ఆ ఏటి లీగులో అగ్రస్థానంలో నిలిచాడు. డార్ట్‌మండ్ పక్షాన అతడి చివరి మ్యాచ్ 2014 మే 17న జరిగిన జర్మన్ కప్పు ఫైనల్. ఎదుటి జట్టు మరేదో కాదు, త్వరలో తాను చేరబోయే బయెర్న్. తన రేపటి యజమానులకు ఎదురుగా అతడు తన నేటి జట్టు కోసం పోరాడాడు. అదనపు సమయంలో డార్ట్‌మండ్ 0-2తో ఓడింది గాని, అతడి నిబద్ధత ఓడలేదు.

బయెర్న్‌లో అతడు ఎనిమిదేళ్ళలో 344 గోల్స్ చేశాడు. 2022లో బార్సిలోనాకు వెళ్ళినప్పుడు బయెర్న్‌కు సుమారు నాలుగున్నర కోట్ల యూరోల రుసుము లభించింది. రుసుము లేకుండా వచ్చిన ఆటగాడు ఎనిమిదేళ్ళు సేవచేసి, వెళుతూ ధనం తెచ్చిపెట్టాడు. ఉచిత బదిలీ వల్ల ఒకరికి కలిగే నష్టం మరొకరికి ఎంత లాభమో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఇటువంటి అనుభవాల నుంచి క్లబ్బులు పాఠం నేర్చుకొన్నాయి. ఒప్పందం చివరి ఏడాదికి చేరకముందే దానిని పొడిగించడమో, ఆటగాణ్ణి అమ్మివేయడమో వాటికి అలవాటయింది. అన్ని క్లబ్బులకూ అంత శక్తి లేదు. చిన్న క్లబ్బులకు పిల్లలను తీర్చిదిద్దడమే పెట్టుబడి. అందువల్ల 2001లో అంతర్జాతీయ సమాఖ్య కొన్ని రక్షణలు కల్పించింది. పిన్నవయసు ఆటగాడు దేశం దాటి వెళితే, అతడికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు నిర్ణీత పరిహారం అందాలి. ఒప్పందం నడుమ రుసుముతో అంతర్జాతీయ బదిలీ జరిగితే, ఆ రుసుములో అయిదు శాతాన్ని అతడు పన్నెండో ఏటి నుంచి ఇరవై మూడో ఏటి వరకు పెరిగిన క్లబ్బులకు పంచాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. రుసుమే లేని బదిలీలో అయిదు శాతం కూడా సున్నాయే. ఆటగాడి స్వేచ్ఛకు, అతణ్ణి పెంచినవారి శ్రమకు నడుమ సమతూకం ఇప్పటికీ సంపూర్ణంగా కుదరలేదు.

ఒప్పందం రెండు పక్షాలను బంధిస్తుంది. గాయపడిన ఆటగాణ్ణి, వయసు మళ్ళిన ఆటగాణ్ణి గడువు తీరగానే క్లబ్బులు పంపివేస్తూనే ఉంటాయి. అప్పుడు దానిని ద్రోహమని ఎవరూ అనరు. క్లబ్బుకు ఉన్న స్వేచ్ఛ ఆటగాడికీ ఉండడమే న్యాయం. ఈస్టమ్, బోస్మన్ కష్టపడి సాధించినది ఆ సమానత్వాన్నే. అయితే అభిమాని ఆ ఒప్పందంలో ఏ పక్షమూ కాడు. అతడు సంతకం చేయలేదు, జీతం తీసుకోలేదు. టిక్కెట్టు కొని, వానలో తడిసి, గెలుపు ఓటములను తనవిగా అనుభవించాడు. ఆ ప్రేమకు ఏ న్యాయస్థానమూ పరిహారం నిర్ణయించలేదు. కనుక అతడి దుఃఖం నిజమైనదే. ఆటగాడు ఆ దుఃఖాన్ని గుర్తించి, ఉన్నంతకాలం నిజాయితీగా ఆడి, మర్యాదగా సెలవు తీసుకోవాలి. అభిమాని కూడా ఆటగాడిని ప్రేమించడం వేరు, అతడిపై యాజమాన్యం కలిగి ఉండడం వేరు అని గ్రహించాలి. వైట్ హార్ట్ లేన్ మైదానాన్ని 2017లో కూల్చివేసి, ఆ చోటనే కొత్తది నిర్మించారు. 1999 లీగ్ కప్పు మాత్రం టాటెన్‌హామ్ చరిత్రలో చెరగకుండా ఉంది. దానిని అందుకొన్న నాయకుడి పేరు సోల్ కాంప్‌బెల్.

కఠిన పదాలకు అర్థాలు

నిర్ఘాంతపోవు = మాట రాక నిశ్చేష్టులగు
బద్ధవైరి = తీరని పగ గల శత్రువు
కడగొట్టువాడు = చివరి సంతానం
కామందు = యజమాని, భూస్వామి
వ్యాజ్యం = న్యాయస్థానంలో వివాదం
మూల్యం = వెల
ఈసడింపు = తిరస్కారం
నిబద్ధత = కట్టుబడి ఉండే గుణం
సమతూకం = రెండు వైపులా సరిసమానంగా ఉండడం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆటగాళ్ళ వృత్తి స్వేచ్ఛ కోసం ఈస్టమ్, బోస్మన్ సాగించిన పోరాటాలను వివరించండి.
2. కాంప్‌బెల్, లెవాన్‌డాఫ్‌స్కీల వీడ్కోళ్ళలోని పోలికలను, భేదాలను తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బదిలీ రుసుము అంటే ఏమిటి? ఒప్పందం ముగిసినప్పుడు అది ఎందుకు ఉండదు?
2. టాటెన్‌హామ్, ఆర్సెనల్ క్లబ్బుల మధ్య వైరానికి కారణాలు ఏవి?
3. చిన్న క్లబ్బులకు అంతర్జాతీయ సమాఖ్య కల్పించిన రక్షణలు ఏవి? అందులోని లోపం ఏమిటి?

ఇ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. అయితే ఆ సంతకం ఎదుటివారి కాగితం మీద.
2. ఈ తీర్పు ఫలం అనుభవించినవారు వేరు. దానికి మూల్యం చెల్లించినవాడు వేరు.
3. అభిమాని ఆ ఒప్పందంలో ఏ పక్షమూ కాడు.